మోటారు దీపమున చెమ్మ

కారు ముందుదీపములో చెమ్మ పట్టినదని యజమాని ఫిర్యాదు చేయుటయు, అది ప్రకృతిసిద్ధమే గాని దోషము కాదని సర్వీసు కేంద్రమువారు సమాధాన మిచ్చుటయు నేడు మన పట్టణములలో నిత్యము వినవచ్చు సంవాదము. ఇందు ఉభయపక్షములవారును తమ తమ వంతున నిజమే పలుకుచుందురు. చిక్కెల్లయు, ఒకే తెర వెనుక కానవచ్చు రెండు వేర్వేరు వ్యాధులను ఒక్కటిగా నెంచి వాదించుటలో నున్నది. ధనుర్మాసపు వేకువను పొగవలె పట్టి, లైటు వేసి నాలుగు మైళ్ళు పోవునప్పటికి తానే మాయమగు ఆవిరి యొకటి. వాన వెలసిన మూడవనాడు సైతము దీపము అడుగున నిలిచి, కారు మలుపు తిరిగినప్పు డెల్ల అటునిటు జారు నీరు మఱియొకటి. మొదటిదానికి చికిత్స చేయబూని దిట్టమైన దీపమును చెరుచుకొన్నవారును కలరు. రెండవదానిని ప్రకృతి యని ఉపేక్షించి రిఫ్లెక్టరును పోగొట్టుకొన్నవారును కలరు. ఈ రెంటిని వేరు పరచుటకు గొప్ప యంత్రవిద్య అక్కరలేదు. కొంచెము లెక్కయు, కొంచెము పరిశీలనయు చాలును.

ఈ చిక్కు మోటారు దీపముతోపాటు పుట్టినది కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళ కార్లకు అమర్చిన కార్బైడు దీపములు జ్వాలతో వెలుగునవి. మండుటకు గాలి లోనికి రావలయును, మండిన పొగ పైకి పోవలయును గనుక వానికి అడుగున రంధ్రములును, పైన పొగగొట్టమును ఉండెడివి. ఎసిటిలీను వాయువు మండునప్పుడు నీటియావిరియు పుట్టును గాని, అది వేడిపొగతో కలిసి ఆ గొట్టమువెంటనే పోయెడిది. విద్యుద్దీపము వచ్చినతోడనే జ్వాలతో పని తీరినది. దుమ్ము పడకుండ దీపమును మూసివేయవలయునను కోరికయు బలపడినది. ఆ కోరికకు పరాకాష్ఠ 1940 నాటి నమూనా కార్లతో అమెరికాలో ప్రవేశించిన సీల్డు బీము దీపము. ముందరి గాజును, వెనుకటి గాజు రిఫ్లెక్టరును కరగించి అతికి, లోపల జడవాయువు నింపి, ఫిలమెంటును అందే బిగించిన ఆ దీపము నిజమునకు ఒక పెద్ద బల్బే. గాజు పగిలిననే గాని దానిలో గాలి చొరదు. గాలి చొరనిచోట చెమ్మ యన్న మాటయే లేదు. ఫిలమెంటు తెగినచో దీపమంతయు పారవేయవలసి వచ్చుట దాని లోపము. అమెరికా ప్రభుత్వము 1983 వరకును ఈ జాతి దీపమునే తప్పనిసరి చేసియుండగా, ఐరోపావారు బల్బు మార్చుటకు వీలైన దీపమునే పట్టుకొని, 1962లో హెచ్ 1 అను హాలోజెను బల్బును, 1971లో రెండు ఫిలమెంట్లు గల హెచ్ 4ను వాడుకలోనికి తెచ్చిరి. మన దేశపు కార్లలో చిరకాలము వెలిగినది, నేటికిని వెలుగుచున్నది ఈ హెచ్ 4 బల్బే.

బల్బు మార్చవలె నన్నచో దీపమునకు వెనుక ద్వార ముండవలయును. ద్వారమున్నచోట గాలికి రాకపోక లుండును. 2014 వరకు ఉత్తరపారా కర్మాగారమున తయారైన అంబాసిడరు కారు గుండ్రని దీపమునకును గాలి తగులుచునే యుండెడిది. ఐనను ఆనాడు చెమ్మనుగూర్చి కలవరపడినవారు అరుదు. దీపము చిన్నది, లోని గాలి కొలది, బల్బు వేడి హెచ్చు. అన్నిటికంటె ముఖ్యముగ, వెలుగును రోడ్డుమీద పరచుటకై గాజుమీదనే నిలువుగీతలును పలకలును అచ్చువేసి యుండెడివి గనుక, ఆ గీతల వెనుక పొగ పట్టినను కంటికి ఆనెడిది కాదు. 1980ల పిమ్మట దీపము కారు ముఖాకృతికి లోబడి, బంపరు అంచునుండి బానెట్టు మీదుగ ప్రక్కరేకు వరకు సాగిన పెద్ద డొల్ల యైనది. ముందు పాలీకార్బొనేటు తెర, వెనుక పాలీప్రొపిలీను పెట్టె, రెంటి నడుమ కాలువలో బ్యుటైలు రబ్బరు జిగురు. ఇదే నేటి దీపశరీరము. వెలుగును పరచు పని రిఫ్లెక్టరు వంపులమీదికిని, కటకముల మీదికిని పోవుటచే ముందరి తెర గీతలులేని స్ఫటికము వలె స్వచ్ఛమైనది. లోపల ఆవగింజంత బిందువున్నను బాటసారికి సైతము కనబడును. ఫిర్యాదులు పెరుగుటకు దీపముల దోష మెంత కారణమో, వాని పారదర్శకత్వ మంత కారణమని నా యభిప్రాయము.

ఇక లెక్కకు వత్తము. గాలి ఎంత వెచ్చనైన అంత యావిరిని ధరింపగలదు. ఒక ఘనమీటరు గాలి 30 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల నీటియావిరిని, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములను, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములను మాత్రమే మోయును. అంతకు మించినది చల్లని తలమును వెదకికొని బిందువులై దిగును. ఒక నేటి కారు ముందుదీపములో అయిదు లీటర్ల గాలి కలదనుకొందము. అది 30 డిగ్రీల వద్ద తేమతో పూర్తిగ నిండిన గాలియే యైనను అందలి నీరు 0.15 గ్రాము. రాత్రి 20 డిగ్రీలకు చల్లారినచో అందు 0.065 గ్రాము బయటపడును. కంటిమందు వేయు గొట్టమునుండి జారు చుక్క సుమారు 0.05 గ్రాము తూగును గనుక, ఒక దీపములోని గాలి యంతయు కలిసి రాత్రి తెల్లవార్లు చెమర్చినను ఒక్క చుక్కకు కొంచెము పైన మాత్రమే ఈయగలదు. ఆ చుక్కను అయిదువందల చదరపు సెంటీమీటర్ల తెరపై పరచినచో దాని మందము మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు ఇంచుక హెచ్చు.

ఇంత స్వల్పజలము ఇంత వెలుగును ఏల మరుగుపరచుచున్నదని సందేహము కలుగవచ్చును. దోషము నీటి పరిమాణమున లేదు, అది నిలుచు రూపమున నున్నది. ప్లాస్టిక్కు తలము నీటిని అంటనీయదు గనుక నీరు లక్షలాది సూక్ష్మబిందువులుగ విడిపోయి, ఒక్కొక బిందువు ఒక్కొక కటకమై కాంతిని దిక్కులకు చిమ్మును. అదే నీరు సమతలమైన పొరగ పరచుకొన్నచో తెర యథాప్రకారము నిర్మలముగనే యుండును. కొందరు తయారీదారులు తెర లోపలి వైపున నీటిని ప్రేమించు పూత నొకదానిని పూయుట ఈ సూత్రము ననుసరించియే: పూత చెమ్మను ఆపదు, చెమ్మను కనబడనీయదు. ఇందు కపట మేమియు లేదు. దీపమునకు కావలసినది వెలుగు బయటికి పోవుటయే కదా. కాని లోపల నీరే ధారలు కట్టినచో ఆ పూత కరగి చారలు చారలుగ మిగులును. ఆ చారలు ఎండినను పోవు.

మంచు తెరకే పట్టి వెనుకటి పెట్టెకు పట్టకుండుటకును కారణము కలదు. మబ్బులేని రాత్రి ఆకాశమువైపు చూచుచున్న తలము తన వేడిమిని కిరణరూపమున ఆకాశమునకు విడుచుచు, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. గడ్డిపరకపై మంచు నిలుచుటకును ఇదియే హేతువు. ఇంజను వెచ్చదనపు నీడలోనుండు వెనుక భాగమున కీ చల్లదనము సోకదు. నర్సీపట్నమునుండి సాయంకాలము బయలుదేరి, మైదానపు తేమగాలిని దీపములో నింపుకొని, లంబసింగి ఘాటు ఎక్కి అక్కడనే రాత్రి నిలిపిన కారు, తెల్లవారునప్పటికి రెండు కండ్లును మసకబారి కనబడుట దీపదోషము కాదు. అట్లు కాకున్ననే ఆశ్చర్యము.

ఈ లెక్కవలన ఒక పరీక్ష దొరకినది. దీపము అడుగున చెంచాడు నీరు నిలిచినదనుకొనుడు. చెంచాడనగా అయిదు గ్రాములు, అనగా గాలి యొక్క రాత్రిలో విడువగల దానికి డెబ్బది రెట్లకు పైమాట. అది గాలినుండి వచ్చినది కాదు, కాజాలదు. ఎక్కడనో నీరు నీరుగనే లోనికి దిగినది. ఒక్క మినహాయింపు మాత్రము చెప్పవలసి యున్నది: పాలీకార్బొనేటు, చూపునకు గాజువలె నున్నను, నీటిని కొంత తనలో నింపుకొను పదార్థము. అరకిలో తెర సామాన్యమైన తేమగల వాతావరణమున ముప్పాతిక గ్రాము నీటిని మ్రింగి యుంచుకొనును. లోని గాలి మోయుదానికి ఇది అయిదు రెట్లు. ముసురు వీడి ఎండ కాసిన మొదటి దినమున తెర వేడెక్కి ఆ నీటిని లోపలి గాలికి విడుచుటయు, సాయంకాలమునకు అది తిరిగి అదే తెరపై పొగయై వ్రాలుటయు ఇందువలననే. వానలో లేని చెమ్మ ఎండలో వచ్చినదని కొందరు విస్తుపోవుదురు. ఐనను ఇది చెంచాలోని పదవ పాలును దాటి మిక్కిలి దూరము పోదు, పరీక్ష నిలుచును.

నీరు ఎట్లు దిగునో తెలియవలె నన్నచో దీపము ఊపిరి తీయుననుట మొదట అంగీకరింపవలయును. 27 డిగ్రీల వద్ద నున్న దీపము బల్బు వేడికిని, ఇంజను వేడికిని 57 డిగ్రీలకు వచ్చినచో లోని గాలి పదింట నొకవంతు వ్యాకోచించును. అయిదు లీటర్లలో సుమారు అర లీటరు బయటికి పోవలయును. పిమ్మట వాన చినుకులు పడియో, వాటరు సర్వీసింగు షెడ్డులో కుర్రవాడు గొట్టము తిప్పియో తెర ఒక్కసారిగ చల్లారెనా, పోయిన అర లీటరు తిరిగి రావలయును. రాదారి లేనిచో లోపల ఏర్పడు లోటు ఇంచుమించు మూడడుగుల నీటిమట్టము కలిగించు ఒత్తిడికి సమానము. ఆ ఒత్తిడి దీపమునందలి అతుకులలో మిక్కిలి బలహీనమైనదానిని వెదకి పట్టుకొనును. అచ్చట నీరు నిలిచియున్నచో గాలికి మారుగ నీటినే లోనికి లాగుకొనును. హైదరాబాదునుండి వచ్చి, బానెట్టు ఇంకను కాలుచుండగనే కారును షెడ్డుకు తోలి పిచికారి కొట్టించుట దీపమునకు చేయదగు అపకారములలో మొదటిది.

కావున దీపమును ఎంత గట్టిగ మూసిన అంత మేలను లోకాభిప్రాయము తలక్రిందులుగ నున్నది. తయారీదారులు ఈ సంగతి ముందే ఎఱిగి, దీపము వెనుక గాలిదారులు పెట్టిరి. పాత పద్ధతివి మూతి క్రిందికి వంచిన రబ్బరు గొట్టములు: ఒకటి ఎత్తున, ఒకటి దిగువను ఉన్నచో వెచ్చని గాలి పైదారిని పోవ, చల్లనిది క్రిందిదారిని వచ్చి, లోపల మందమైన ప్రవాహ మేర్పడి తేమను తోడుకొని పోవును. కొత్త పద్ధతిది చొక్కాగుండీ ప్రమాణముగల తెల్లని బిళ్ళ. దీని పుట్టుక విచిత్రమైనది. 1969లో రాబర్టు గోర్ అను అమెరికను టెఫ్లాను కడ్డీలను కాచి మెల్లమెల్లగ సాగదీయుచు, అవి తెగిపోవుచుండగ విసిగి, ఒకదానిని ఒక్క పెట్టున గుంజెను. అది తెగుటకు మారుగ పలు రెట్లు సాగి, కంటికి కానరాని రంధ్రములతో నిండిన పదార్థ మయ్యెను. నీటిబొట్టు పట్టజాలని యా రంధ్రములు ఆవిరి యణువునకు రాజవీథులు. వానకోట్లకు పేరు గన్న ఆ పదార్థమే నేడు కారు దీపములకు ముక్కు. దానిపై నూనె పట్టినను, ఇంజను కడుగు సబ్బునీరు ఇంకినను నీటిని తోసివేయు గుణము తగ్గిపోవును. రబ్బరు గొట్టములకు వేరు శత్రువులు: బురద, సాలెగూడు, మట్టితో గూడుకట్టు కందిరీగ. కొన్ని నెలలు చెట్టుక్రింద నిలిచిన కారులో ఒక దీపము మాత్రమే మసకబారుచుండెనేని, జిగురు డబ్బా కొనుటకు ముందు గొట్టపు మూతిని పరీక్షించుట యుక్తము.

నీరు దిగిన దీపములలో దోషము అతుకునందే యుండునని సామాన్యులు తలంతురు. షెడ్లవారి అనుభవము వేరు. విజయవాడ ఆటోనగరులో ఒక ఎలక్ట్రీషియను బల్లపై పెట్టిన ఇట్టి దీపమును దగ్గరగ చూచు నవకాశము నాకు కలిగినది. దీపమును ప్రక్కకు వంచగనే వెనుకనుండి మట్టిరంగు నీరు సన్నని ధారగ కారెను. రిఫ్లెక్టరు క్రిందివంపున నీరు నిలిచిన మేర తెల్లని గీత యొకటి, దాని దిగువ వెండిపూత నల్లబడిన మచ్చ. యజమాని తెర అంచులను వ్రేలితో తడుముచుండగ, ఆతడు, “అద్దం కాదండీ, ముందు వెనకాల క్యాపు చూడండి” అనెను. చూడగ, హాలోజెను బల్బు స్థానమున ఎక్కువ వెలుగునకై ఎల్ఈడీ బల్బు నొకదానిని ఎవరో అమర్చియుండిరి. దాని తోకనున్న ఫ్యాను డస్టు క్యాపులో ఇమడకపోగా, క్యాపునకు నడుమ బ్లేడుతో బెజ్జము కోసి, వైరు బయటికి లాగి, చుట్టును నల్లని టేపు అంటించిరి. ఇంజను వేడికి ఆ టేపు ఎండి, ఆకువలె లేచియున్నది. తెర అతుకు చెక్కుచెదరలేదు.

ఈ దృష్టాంతము ఒంటరిది కాదు. బల్బు మార్చిన తరువాత క్యాపు సరిగ తిప్పి బిగింపకపోవుట, హెచ్ 4 బల్బు వెనుకటి రబ్బరు తొడుగును తలక్రిందుగ తొడుగుట, రబ్బరు వాషరు మడతపడుట, వైరింగు దూరు రంధ్రమున రబ్బరు బిరడా జారుట, చిన్న ప్రమాదమున దీపపు చెవి విరిగి పెట్టెలో సన్నని బీట కలుగుట, తెరపై రాయి తగిలి నెర్రె పడుట: నీటికి ఇవి సామాన్యమైన దారులు. అన్నియు సరిగ నున్నవని తేలిన పిమ్మటనే బ్యుటైలు అతుకును అనుమానింపవలయును. దానిని పట్టుకొను ఉపాయము పంక్చరు షాపులో ట్యూబును నీటి తొట్టిలో ముంచి చూచునట్టిదే: దీపమును తీసి, క్యాపులు బిగించి, ఒక గొట్టమువెంట నోటితో మెల్లగ ఊదుచు, తెర అంచులపై సబ్బునీరు పూసినచో బుడగ లేచినచోటే చిల్లి. కంప్రెసరు గాలి పెట్టరాదు. చిల్లి లేనిచోట అది చిల్లి చేయును.

ఇక వాడుకలో నున్న చికిత్సలు. చెమ్మ ఆవిరిమాత్రమే యైనచో చికిత్సయే అక్కరలేదు. లైట్లు వేసికొని అరగంట నడుపుటయే చాలును. అది పోయినను మరునాడు వచ్చుచున్నచో గాలిదారులను శుభ్రపరుపవలెను. నీటిని వెడలించి ఆరబెట్టవలసి వచ్చినప్పుడు దీపమును తీసి, క్యాపు విప్పి, ఎండలో బోర్లించుట ఉత్తమము. దీనికిని దేశకాలములు చూడవలయును: హైదరాబాదున ఫాల్గుణమాసపు మధ్యాహ్నము ఒక్కపూటలో ఆరు దీపము, కాకినాడలో శ్రావణపు ముసురున క్యాపు తీసి పెట్టినచో బయటి తేమను లోనికి పిలిచినట్లే యగును. అట్టిచో ఎయిర్ కండిషనరు నడుచు గదిలో ఒక రాత్రి తెరచి యుంచుట నయము. జుట్టు ఆరబెట్టు డ్రయ్యరు మెల్లని వేడితో దూరమునుండి వాడవచ్చును. హీట్ గన్ను మాత్రము వలదు: దాని గాలి 300 డిగ్రీలను దాటగలదు, పాలీకార్బొనేటు 150 డిగ్రీల దాపుననే మెత్తబడును. లోపల గుడ్డ పెట్టి తుడువబోవుట అన్నిటికంటె ప్రమాదకరము. రిఫ్లెక్టరుపై అల్యూమినియము పూత మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. మెత్తని గుడ్డయు దానికి ఆకురాయియే.

సిలికా జెల్ పొట్లములను దీపములో వేయుట యొక ప్రసిద్ధ చికిత్స. దీని బలమును లెక్కతోనే తేల్చవచ్చును. మంచి సిలికా జెల్ తన బరువులో మూడవ వంతు నీటిని పట్టును. అయిదు గ్రాముల పొట్లము గ్రాముననర పట్టునని పెట్టుకొందము. మన తీరపు వానకాలపు గాలి ఘనమీటరునకు 24 గ్రాముల యావిరి మోయును. దీపము తీయు అర లీటరు ఊపిరి ఒక్కొక తడవ 0.012 గ్రాము తెచ్చును. దినమునకు రెండు మూడు మార్లు కారు తీయువానికి నెలన్నర రెండు నెలలలో పొట్లము నిండిపోవును. తెరలో దాగిన నీటిని కలుపుకొన్నచో ఇంకను ముందే. నిండిన పొట్లము ఊరకుండదు: దీపము వేడెక్కినప్పు డెల్ల నీటిని తిరిగి గాలికి విడుచును. నీలిగింజలు గులాబీరంగు తిరిగినతోడనే తీసి కాచి మరల పెట్టు ఓపిక గలవారికి ఇది ఉపశమనమే. వేసి మరచువారికి అపకారము. పైగా పొట్లము జారి బల్బునకు తగిలినచో కాలును.

దీపము అడుగున సన్నని రంధ్రము తొలిచి నీటిని వెడలించు పద్ధతి పాతకాలపు షెడ్లలో కలదు. నీరు కారును, నిజమే. దుమ్మును, పురుగులును, చక్రము చిమ్ము బురదయు అదే దారిని ఎక్కును. సంవత్సరము తిరుగకముందే రిఫ్లెక్టరు మాసిపోవును. దీనికి వ్యతిరేకముగ, దీపము చుట్టును సిలికోను జిగురు దట్టముగ పులుముట మఱియొక పద్ధతి. ఇందు రెండు తప్పులు: లోపలి నీరు లోపలనే బందీయగుట యొకటి, రెండవది, బజారున చౌకగ దొరకు సిలికోను పెక్కులు పులిసిన కాడివాసన వేయును, ఆ వాసన ఎసిటికు ఆమ్లము. మూసిన దీపములో నిలిచిన ఆ యామ్లపు ఆవిరి అల్యూమినియము పూతను తినివేయును. జిగురు తప్పనిసరియైనచో వాసనలేని న్యూట్రలు జాతిది కొనవలయును, ముందు దీపము లోపల సంపూర్ణముగ ఆరియుండవలయును, గాలిదారులను తాకరాదు.

అతుకే చెడినదని రూఢియైనప్పుడు దీపమును సమముగ 90, 100 డిగ్రీల వద్ద కొన్ని నిమిషములు వెచ్చజేసి, బ్యుటైలు మెత్తబడగ తెరను విడదీసి, కాలువలోని పాత జిగురు తీసి, కొత్త బ్యుటైలు త్రాడు పరచి నొక్కుట శాస్త్రీయమైన పని. చేయి తిరిగినవారు దీనిని చక్కగ చేయుదురు. కాని గట్టిపడు పాలీయురెథేను జిగురుతో అతికిన దీపములు వేడికి లొంగవు. వానిని విప్పబూనుట విరుచుకొనుటయే. ఏ జిగురో తెలిసికొనక దీపమును వేడిపెట్టెలోనికి త్రోయువాని చేతికి నా దీపమును నేనీయను.

ఎల్ఈడీ దీపము ఈ విషయమున ఒక కొత్త చిక్కు తెచ్చినది. 55 వాట్ల హాలోజెను బల్బు విద్యుత్తులో వెలుగుగ మార్చునది స్వల్పాంశమే. మిగిలినది వేడికిరణములై తెరను కాచుచుండెడిది. విద్యుత్తు వృథా యని మన మెంచిన ఆ వేడియే తెరను పొడిగ నుంచు సేవకుడు. ఎల్ఈడీ తన వేడిని వెనుకటి లోహపు రెక్కలకు విడుచును గాని ముందరి తెరకు పంపదు. అందువలన ఒకప్పుడు పది నిమిషములలో పోవు ఆవిరి ఇప్పుడు గంటయైనను మూలల నంటియుండును. మిషిగను మొదలగు మంచుసీమలలో నివసించు మనవారు దీపపు తెరపై హిమము పేరుకొని కరగకుండుట చూచి, తరచు దిగి గీకవలసి వచ్చునది ఇందువలననే. కొన్ని కొత్త దీపములలో వెనుకటి వేడిని ఫ్యానుతో తెరవైపు మరలించుచున్నారు. ఇదియే సరియైన మార్గమని తోచుచున్నది. ఎల్ఈడీ దీపమునందు నీరు దిగినచో నష్టము రిఫ్లెక్టరుతో ఆగదు. ఎల్ఈడీకి విద్యుత్తు నందించు డ్రైవరు పలకయు, కనెక్టరు పిన్నులును చిలుము పట్టి, పగటి లైటు మొదట మిణుకుమిణుకు మని, పిదప దీపమంతయు మార్చవలసి వచ్చును. ఒక్క బల్బు ధరతో పోవు పని కాదు.

వారంటీ తగవులలో యజమానికి ఉపకరించునది సాక్ష్యము. చాల కంపెనీల యజమాని పుస్తకములలో, లైట్లు వేసి నడిపినచో పోవు ఆవిరి దోషము కాదని వ్రాసియుండును. ఆ మాటలోనే, పోని ఆవిరియు, కారు నీరును దోషమని అర్థము కలదు. కావున ఉదయమున ఒక ఛాయాచిత్రము, లైట్లతో అరగంట నడిపిన పిదప అదే కోణమున మఱియొకటి తీసి చూపినచో వాదము సగము తీరును. బయటి ఎల్ఈడీ వేయించి క్యాపు కోయించినవారికి వారంటీ హక్కు చెల్లదనుట చెప్పనక్కరలేదు. ప్రమాదానంతరము వేసిన చౌక నకలు దీపములలో కొన్నిటికి గాలిబిళ్ళయే యుండదు; కొనునప్పుడు వెనుకకు త్రిప్పి చూచుట మేలు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు వరదలో విజయవాడ సింగునగరు ప్రాంతమున మునిగిన కార్లవంటి వానిలో మాత్రము ఇంతటి విచక్షణకు తావులేదు: బిళ్ళలో ఒకమారు బురదనీరు ఇంకిన దీపము, కడిగి ఆరబెట్టిన పిదప వెలిగినను, గాలి ఆడదు, బీమా సర్వేయరు జాబితాలో దానిని చేర్పించుటయే యుక్తము.

వెనుక దీపముల సంగతి కొంచెము భిన్నము. ఎఱ్ఱని అక్రిలికు తెరను పెట్టెకు జిగురుతో గాక, కరగించి అతికెదరు గనుక ఆ అతుకు అరుదుగ వీడును. అచ్చట నీరు కోరుకొను దారి దీపమునకును కారు రేకునకును నడుమనున్న స్పాంజి గాస్కెట్టు. అది నలిగినప్పుడు దీపము పొడిగనే యుండి, నీరు దీపము వెనుకగ జారి డిక్కీలోనికి పోవును. స్టెప్నీ యుంచు గుంటలో నిలిచి, చాప క్రింద కుళ్ళుచు, కొన్ని వారములకు బూజు వాసనగ బయటపడును. వాసన ఏ సీటుదో యని కారంతయు కడిగించువారు, ముందు స్టెప్నీ నెత్తి ఆ గుంటను చూచి, పిదప దీపము నట్లు విప్పి గాస్కెట్టు మార్పించినచో, అరగంట పనితోను, స్వల్పమైన వ్యయముతోను తీరును.